మా అమ్మాయి గీతలు, మా అత్తగారి కండెలు

"మీ అమ్మాయి ఏం ఉద్యోగం చేస్తుందమ్మా?" అని అడిగేవాళ్ళకి నేను చాన్నాళ్ళు "బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం" అని ఒక్క ముక్కలో చెప్పి తప్పించుకునేదాన్ని. కానీ మా ఎమ్మిగనూరులో ఒక్క ముక్కతో ఎవరు వదులుతారు చెప్పండి! "కంప్యూటరంటే? లెక్కలు రాసేదా, అమెరికా వాళ్ళతో ఫోన్లో మాట్లాడేదా?" అని రెండో ప్రశ్న. "చిప్ లోపలి బొమ్మ గీస్తుంది" అంటే, "ఓహో, డ్రాయింగు టీచరా!" అని వాళ్ళే తేల్చేస్తారు.

ఆమధ్య ఒక సంబంధం వాళ్ళు చూడ్డానికి వచ్చారు. మా అమ్మాయి తన పని గురించి ఓపిగ్గా చెప్పుకొచ్చింది. అంతా విని అబ్బాయి మేనత్త, "ఇంతా జేసి కంప్యూటర్లో గళ్ళు గీసి ఇంకోళ్ళకి పంపడమే గదమ్మా! పెండ్లయినాక మానుకుంటే పొయ్యేదేముంది? వాకిట్లో ముగ్గులేసుకుంటే సరిపాయె" అనేసింది. మా అమ్మాయి నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. ఆ సంబంధం కుదరలేదు, అది వేరే సంగతి. "గీసి పంపడమే గదా" అన్న మాట మాత్రం ముల్లులా నాలో ఉండిపోయింది. నిజంగా అంతేనా? ఆ ఆదివారం అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నాకు అర్థమయ్యేట్టు చెప్పు, అర్థమయ్యేదాకా లేవనియ్యను" అన్నాను.

అది చెప్పింది నాకు అర్థమైనంతలో మీకూ చెబుతాను. చిప్‌లతో మనకేం పని అని పేజీ తిప్పెయ్యకండి. మన వంటిళ్ళకీ, కుట్టుమిషన్లకీ పనికొచ్చే సంగతి ఇందులో ఉంది.

ముందు నా గురించి రెండు మాటలు. నా పుట్టిల్లు ఆదోని. పత్తి మార్కెట్టుకి వచ్చే బండ్లు, లారీలు చూస్తూ పెరిగాను. మెట్టినిల్లు ఎమ్మిగనూరు, మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఆయనకి 1954లో పద్మశ్రీ వచ్చింది. మా మామగారు మగ్గం నేసేవారు, దాంతోపాటు అంచులకీ, బుటాలకీ గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు గీసేవారు. మామగారి గ్రాఫుల సంగతి తర్వాత చెబుతాను, ముందు చిప్ సంగతి.

ఫోన్లో, వాషింగ్ మిషన్లో, ఆఖరికి ఇండక్షన్ పొయ్యిలో కూడా ఉండే ఈ చిప్ ఒకే పొర కాదట. సిలికాన్ పలక మీద ఒకదానిపైన ఒకటిగా ఎన్నో పొరలు వేసుకుంటూ పోతారు. అడుగున ట్రాన్సిస్టర్లు. వాటిపైన ఒక వరస లోహపు తీగలు, ఆపైన ఇంకో వరస. కింది తీగని పై తీగతో కలపడానికి మధ్యలో సన్నని నిలువు దారులు. ఒక్కో పొరకి ఒక్కో అచ్చు. చీర మీద స్క్రీన్ ప్రింటింగ్ చేసేటప్పుడు ఎరుపుకొక స్క్రీను, ఆకుపచ్చకొక స్క్రీను పెడతారే, అచ్చం అట్లాగే. ఎర్రపువ్వు కింద ఆకుపచ్చ కాడ సరిగ్గా కూర్చోకపోతే చీర పాడైనట్టు, పొర మీద పొర కూర్చోకపోతే చిప్ పాడవుతుంది. చీరనైతే సగం ధరకన్నా అమ్ముకోవచ్చు. చిప్ చెత్తబుట్టలోకే! ఈ పొరలన్నింటినీ ఒకేచోట, ఒక్కోదాన్ని ఒక్కో రంగులో గీసిన బొమ్మనే లేఅవుట్ అంటారు. మా అమ్మాయి చేసేది ఆ పని.

గీసిన చోటే చిప్ తయారైతే ఏ గొడవా లేదు. గీసేది ఒక సాఫ్ట్‌వేరులో, సరిచూసేది ఇంకోదాంట్లో, అచ్చు వేసేది ఏ తైవాన్‌లోనో ఉన్న ఫ్యాక్టరీలో. ఒక్కో సాఫ్ట్‌వేరుది ఒక్కో సొంత భాష. అందుకని తన భాషలోంచి అందరికీ తెలిసిన భాషలోకి మార్చి బయటికి పంపాలి. దాన్ని ఎక్స్‌పోర్టు అంటారు. అవతలివాళ్ళు దాన్ని చదువుకుని తమ సాఫ్ట్‌వేరులోకి దించుకోవడం ఇంపోర్టు. మనం ఆదోని నుంచి పత్తి పంపితే ఎక్కడో నూలుగా దిగినట్టన్నమాట.

ఆ అందరి భాష పేరు జీడీఎస్. 1970లలో అమెరికాలో కాల్మా అనే కంపెనీ తన యంత్రాల కోసం పెట్టుకున్న పద్ధతి అది. దాని రెండో రూపాన్నే ఇప్పటికీ వాడుతున్నారు. ఆ రోజుల్లో ఫైలుని మాగ్నెటిక్ టేపు మీద ఎక్కించి పంపేవాళ్ళు. బొమ్మ పూర్తయి ఫ్యాక్టరీకి వెళ్ళే ఘట్టాన్ని ఈనాటికీ టేపౌట్ అంటారు. టేపు పోయింది, పేరు మిగిలింది. గ్యాసు స్టవ్ దగ్గర నిలబడి మనం "పొయ్యి రాజెయ్యి" అనడం లేదూ!

ఈ కథలో ఒక ఆడమనిషి కూడా ఉందండోయ్. పేరు లిన్ కాన్వే. కార్వర్ మీడ్ అనే ప్రొఫెసరుతో కలిసి ఆమె రాసిన పుస్తకం 1980లో వచ్చింది. చిప్ గీయడమెట్లాగో ఎంతోమంది విద్యార్థులు ఆ పుస్తకం చూసే నేర్చుకున్నారు. అంతకు ముందు ఏడాది, 1979లో, ఆమె జిరాక్స్ పరిశోధనశాలలో ఉండగా ఒక గొప్ప పని చేసింది. 12 విశ్వవిద్యాలయాల నుంచి 82 డిజైన్లను, ఇంటర్నెట్టుకి అమ్మలాంటి ఆర్పానెట్ మీదుగా తెప్పించి, అన్నింటినీ కలిపి అచ్చు వేయించింది. చిప్ ఫ్యాక్టరీ గడప తొక్కని పిల్లల చేతికి తాము గీసిన చిప్‌లు వచ్చాయి! అందరూ ఒకే పద్ధతిలో రాసి పంపబట్టే అది కుదిరింది. ఆ పద్ధతి పేరు సిఫ్. లిన్ కాన్వే 2024లో కన్నుమూసింది. ఆమె ఫోటోని మా అమ్మాయి తన బల్ల దగ్గర పెట్టుకుంది.

మన పక్కనున్న బెంగళూరులో 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళు డిజైన్ కేంద్రం పెట్టినప్పుడు, గీసినవాటిని అమెరికాకి చేర్చడానికి ప్రత్యేకంగా ఉపగ్రహం లింకు పెట్టుకోవలసి వచ్చింది. ఆదోనిలో మా నాన్న ట్రంకాల్ బుక్ చేసి పూటంతా ఎదురుచూసే రోజులవి!

ఇక అసలు విషయానికి వస్తాను. బొమ్మని పంపినప్పుడు బొమ్మ వెళుతుంది. దాంతోపాటు వెళ్ళనివి కొన్ని ఉంటాయి. మా అమ్మాయి ఉద్యోగంలో కష్టమంతా అక్కడే ఉంది.

మొదటిది, రంగులు వెళ్ళవు. తెర మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చగా కనిపించే పొరలకి జీడీఎస్ ఫైల్లో రంగులూ ఉండవు, పేర్లూ ఉండవు. ఉత్త అంకెలే. 2020లో గూగుల్, స్కైవాటర్ అనే ఫ్యాక్టరీ కలిసి ఒక చిప్ పద్ధతి తాలూకు వివరాలని డబ్బు అడక్కుండా అందరికీ తెరిచి పెట్టాయి. అందులో మొదటి లోహపు పొర అంకె 68, దాని పక్కన 20. రెండో లోహపు పొర 69, పక్కన 20. ఇంకో ఫ్యాక్టరీలో 68 అంటే మరేదైనా కావచ్చు. ఏ అంకె ఏ పొరో చెప్పే పట్టిక విడిగా ఉంటుంది. ఫైలు పంపి పట్టిక పంపకపోతే, లేదా ఒకరి పట్టికతో ఇంకొకరి ఫైలు తెరిస్తే, తీగ ఉండాల్సిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. పట్టికలో లేని అంకె వస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని దాటేసి వెళ్ళిపోతాయి. ఎక్కడో కింద చిన్నక్షరాల్లో ఒక హెచ్చరిక వస్తుంది, అంతే.

రెండోది, కొలత. మా అమ్మ ఓళిగలకి చెప్పే కొలత "లోటా శనగబేడలకి పావుకిలో బెల్లం". మా తోటికోడలు ఆ మాట పట్టుకుని తన ఇంటి లోటాతో కొలిచి చేసింది. అమ్మ లోటా ఆదోని నాటి పెద్ద ఇత్తడి లోటా, ఈవిడది స్టీలు గ్లాసంత. ఓళిగ నోట్లో పెట్టుకుంటే పాకం తిన్నట్టుంది! చిప్ ఫైల్లోనూ ఇంతే. అందులో ఒకటి అంటే ఎంత అనే సంగతి ముందే తేలాలి. జీడీఎస్‌లో మామూలుగా ఒకటి అంటే ఒక నానోమీటరు, మీటర్లో వందకోట్లో వంతు. సిఫ్‌లో అయితే ఒకటి అంటే 10 నానోమీటర్లు. ఒకదాని అంకెల్ని ఇంకోదాని లోటాతో కొలిస్తే చిప్ పదింతలు పెరగనన్నా పెరుగుతుంది, పదో వంతుకి తగ్గనన్నా తగ్గుతుంది. తెర మీద మాత్రం బొమ్మ ముచ్చటగానే కనిపిస్తుంది. అదీ ప్రమాదం.

మూడోది, బుటాలు. చీర నిండా రెండు వందల బుటాలుంటే రెండు వందలసార్లు గీస్తామా? ఒక్క బుటా గీసి, ఇన్నిచోట్ల వెయ్యి అంటాం. చిప్‌లోనూ ఒక చిన్న ముక్కని ఒకసారి గీసి దానికో పేరు పెట్టి, ఫలానా చోట్లలో పెట్టమని రాస్తారు. పెద్ద బొమ్మ పంపి బుటా ఉన్న ఫైలు పంపడం మరిచిపోతే, అవతలివాళ్ళకి అక్కడ ఖాళీ గళ్ళు కనిపిస్తాయి. ఇద్దరు పిల్లలు వేరువేరు బుటాలకి ఒకే పేరు పెడితే ఇంకా తంటా. ఒకరి బుటా మీద ఇంకొకరిది వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది.

ఇవన్నీ చెబుతుంటే నాకు 2023లో అది కాలేజీలో ఆఖరి ఏడాది చదివేటప్పటి నాలుగు రోజులు గుర్తొచ్చాయి. నలుగురు పిల్లలు కలిసి ఒక చిన్న చిప్ గీశారు. ఒకే పలక మీద ఎంతోమంది డిజైన్లు పక్కపక్కన పెట్టి, ఖర్చు పంచుకుని అచ్చు వేయిస్తారట. ఆ ఉమ్మడి అచ్చుకి షటిల్ అని పేరు. షటిల్ అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె! ఆ మాట వినగానే మా వారు "అది మా మాట గదే!" అని మురిసిపోయారు. నాడె ఒకసారి వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఈలోగా పిల్లల చదువే అయిపోతుంది.

గడువు నాలుగు రోజులుందనగా, ఫైలు పంపిన చోట తెరిచి చూస్తే రెండో లోహపు పొర మొత్తం లేదు. కాలేజీ కంప్యూటర్లో చూస్తే అన్నీ ఉన్నాయి! విషయమేమిటంటే అక్కడున్న అంకెల పట్టిక వేరే ఫ్యాక్టరీది, ఎప్పటిదో. ఎవరు పెట్టారో అడిగే తీరిక కూడా లేదు. నేను రాత్రిపూట ఫోన్ చేసి "అన్నం తిన్నావా" అంటే, "ఇంకా 14 ఉన్నాయి మా" అనేది. పొరల అంకెలట. ఒకమ్మాయి పాత అంకె చదవడం, ఇంకొకమ్మాయి కొత్తది రాయడం, మూడో అబ్బాయి సరిచూడడం. మళ్ళీ ఎక్స్‌పోర్టు చేశారు. అంతటితో ఊరుకోలేదు. కేలేఅవుట్ అని ఉచితంగా దొరికే ఇంకో సాఫ్ట్‌వేరులో దాన్ని తెరిచి, మొదటి బొమ్మ మీద రెండోది పెట్టి పోల్చారు. రెండూ కలిసినచోట ఏమీ చూపించకుండా, తేడా ఉన్నచోట మాత్రమే చూపించే పద్ధతి ఒకటుందట. అంటే తెర మొత్తం ఖాళీగా ఉంటే పని గెలిచినట్టు! ఆఖరి రోజు సాయంత్రం ఫోన్ చేసి, "మా, ఖాళీ వచ్చింది" అని ఏడ్చింది. ఖాళీ వస్తే ఏడుపెందుకో అప్పుడు నాకు తెలియలేదు. చాలా నెలల తర్వాత ఆ చిప్ చేతికొచ్చింది. పని చేసింది కూడా. ఆ పనితనం చూపించుకునే ఈ ఉద్యోగం తెచ్చుకుంది.

ఇక మామగారి గ్రాఫుల సంగతి. ఆయన 2011లో పోయారు. గ్రాఫులన్నీ ఒక ట్రంకుపెట్టెలో పెట్టి అటక మీద ఉంచాం. గ్రాఫులో ఒక్కో గడి పడుగూ పేకా కలిసే ఒక్కో చోటు. దాన్ని చూసి అట్టలకి చిల్లులు కొడితే, ఏ పోగు పైకి లేవాలో జాకార్డుకి ఆ చిల్లులే చెబుతాయి. ఫ్రాన్స్‌లో 1804 నాటి జాకార్డ్ గారి పద్ధతి అది. ఆ అట్టలు చెదలు పట్టి ఎప్పుడో పోయాయి. గ్రాఫులు మిగిలాయి. మామగారు రంగు పెన్సిళ్ళు వాడేవారు కాదు. కొనే స్తోమత ఎక్కడిది? గడుల్లో రంగులకి బదులు అంకెలు వేసేవారు. ఒకటి నుంచి పదకొండు దాకా.

2025 జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకి అమ్మాయి ఇంటికొచ్చింది. ఇల్లు సర్దుతూ ఆ పెట్టె దించింది. ఒక గ్రాఫు చాలాసేపు చూసి, "మా, తాత జీడీఎస్ రాసినాడు!" అంది. "అంకెలున్నాయి. పట్టిక యాడుంది?"

పట్టిక లేదు. మామగారి తలలో ఉండేది, ఆయనతో వెళ్ళిపోయింది. మా వారికి గుర్తు లేదు. మగ్గం తీసేసి దారం కొట్టు పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఒక్కో గ్రాఫు మూలన పన్నె నంబరు మాత్రం రాసి ఉంది. అంటే కొలత ఉంది, రంగు లేదు. ముప్పై రెండు డిజైన్లు. చూడ్డానికి ఉన్నాయి, నేయడానికి లేవు.

మా అత్తగారికి ఎనభై మూడేళ్ళు. ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. పొద్దున తిన్న ఉగ్గాని మధ్యాహ్నానికి గుర్తుండదు. ఆమెకి అక్షరాలు రావు. అందుకే ఆమెని అడగాలని ఎవరికీ తోచలేదు. మా అమ్మాయే గ్రాఫు పట్టుకుపోయి పక్కన కూర్చుంది.

"అవ్వా, తాత మూడు అంటే ఏం రంగు?"

"నాకేం తెలుసే? నేను కండెలు చుట్టేదాన్ని."

"సరే, తాత నీకేమని చెప్పేవాడు? మూడు చుట్టు అనేవాడా?"

"ఆ, మూడు నాలుగు కండెలు, అయిదు రెండు కండెలు అని లోపల్నుంచి కేకేసేవాడు."

"మూడు అంటే నువ్వు ఏ నూలు తీసేదానివి?"

అత్తగారు తల కూడా ఎత్తలేదు. "నెమలికంఠం" అంది.

నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకోకుండానే వచ్చేశాను. ఒకటి గంధం. రెండు మిరపపండు. నాలుగు చిలకపచ్చ. అయిదు వంకాయ. అడుగుతుంటే చెబుతోంది. చెబుతున్నప్పుడు కుడిచెయ్యి దానంతటదే రాట్నం తిప్పుతున్నట్టు ఆడుతోంది. ఏడు దగ్గరికొచ్చేసరికి, "ఏడు రంగు కాదు గదే! ఏడంటే గంధమే, రెండు పోగులు కలిపి చుట్టాల" అంది. ఆ సంగతి గ్రాఫు చూసి ఏ ఇంజనీరు కనిపెట్టగలడు చెప్పండి? ఎనిమిది, తొమ్మిది, పదకొండు కూడా చెప్పింది. ఆరు, పది మాత్రం ఒకనాడు కనకాంబరం, ఒకనాడు ఉల్లిపొట్టు అంటుంది. మా అమ్మాయి రెండూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకూడదట, అది కూడా దాని ఉద్యోగంలో నియమమే.

"ఇన్నేండ్లూ ఎందుకు చెప్పలేదవ్వా?" అని అడిగితే మా అత్తగారు, "ఎవురడిగినారు?" అంది. కోపంగా కాదు, మామూలుగానే. ఆ మాటకి మా వారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఇంకో ఏడాది ఆగి ఉంటే ఆ పట్టిక పూర్తిగా పోయేది. ఇప్పటికే ఆమెకి మూడు అంటే నెమలికంఠమని ఒకరోజు గుర్తుంటుంది, ఒకరోజు ఉండదు. కానీ కాగితం మీద ఎక్కింది కాబట్టి భయం లేదు. అమ్మాయి గ్రాఫులన్నింటినీ ఫోటోలు తీసి, అంకెల పట్టిక జతచేసి, ప్రతి డిజైనుతోపాటు అది కూడా ఉండేట్టు పెట్టింది. ఆరు, పది లేని డిజైను ఒకటి ఎంచి మా వీధిలో ఇంకా మగ్గం నేస్తున్న ఒకాయనకి ఇచ్చాం. ఒక టవలు అంచుకి నేసి తెచ్చాడు. మా అత్తగారు వేలితో తడిమి చూసి, "ఏడు ఒంటిపోగే చుట్టినారు. పలచగుంది" అంది. నిజమే! ఆయన భార్య పట్టికలో ఆ ముక్క చూడలేదట. మళ్ళీ నేయించాం.

ఇప్పుడు నన్నెవరైనా "మీ అమ్మాయి ఏం చేస్తుంది" అని అడిగితే తడుముకోకుండా చెబుతున్నాను. "ఒకరు గీసింది ఇంకొకరి చేతిలోకి వెళ్ళేటప్పుడు దాని అర్థం దారిలో పడిపోకుండా చూస్తుంది" అని. కొందరికి అర్థమవుతుంది. కొందరు "ఓహో, డ్రాయింగు టీచరా" అనే అంటారు. అననివ్వండి. ఈ పని మానుకోమన్న సంబంధం మాత్రం మా గడప తొక్కనక్కర్లేదని మా వారే మధ్యవర్తికి చెప్పేశారు.

మన ఇళ్ళలోనూ ఇట్లాంటి పట్టికలు ఎన్నో ఉన్నాయండి. రవికె కొలతలు రాసుకుంటాం, కుట్టుకి వదిలిన బట్ట కలిపి రాశామా, కలపకుండానా అన్నది రాయం. ఊరగాయ కొలతలు రాసుకుంటాం, ఏ గ్లాసుతోనో రాయం. అత్తగారి మందుల డబ్బాలో ఎర్రమాత్ర పొద్దున, తెల్లమాత్ర రాత్రి అని మనకి తెలుసు, మనం ఊరెళితే ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలుసా? పైగా కంపెనీ మారితే మాత్ర రంగే మారిపోతుంది! అందుకే మందు పేరు, ఏ పూట వెయ్యాలో రాసి డబ్బా మూతకి అంటించండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే "నీకేం తెలుసు" అని కాకుండా "నువ్వేం చేసేదానివి" అని అడగండి. మాటతో రానిది చేతితో వస్తుంది.

ఈ ఆదివారమే ఒక నోటుపుస్తకం తీయండి. మొదటి పేజీలో వంట పేరు రాయొద్దు. మీ ఇంటి గ్లాసుకి బియ్యం ఎన్ని గ్రాములు పడతాయో, శనగబేడలు ఎన్ని పడతాయో తూచి రాయండి. వంటలు రెండో పేజీ నుంచి మొదలుపెట్టొచ్చు.